"చూడచూడ రుచుల జాడ వేరు": ఇక్కడ చూడటం కంటితోనా?

స్కాన్‌పని: కృత్రిమ మెదడు స్కాన్ల మీద వ్యాసం రాస్తున్నా. శీర్షికగా వేమన పాదం పెడదామని. "చూడచూడ"నా, "చూడఁజూడ"నా? అయినా ఉప్పూ కప్పురమూ ఒక్క పోలికన ఉన్నాయన్నాక, ఎంత చూస్తే మాత్రం రుచి ఎలా తెలుస్తుంది?

అరసున్న: చూడఁజూడ. ద్రుతం మీద పరుషం సరళమవుతుంది. ఇందులో చర్చేముంది?

యతిమైత్రి: వేమన బాలవ్యాకరణం చదివి చెప్పలేదు లెండి. అందమంతా చూడ–జాడ ప్రాసయతిలో ఉంది. దాన్నెవరూ పట్టించుకోరు.

నాలుక: రుచి చూడు, చేసి చూడు, అడిగి చూడు. మనకి చూడటమంటే పరీక్షించడం కూడా. మొదటి "చూడ" కంటిది, రెండోది నాలుకది. ఇది నా సిద్ధాంతం.

యతిమైత్రి: మరి ఆమ్రేడితం ఏమైనట్టు? వినవిన, తినతిన లాంటిదే ఇదీ. విడగొడితే పద్యం చస్తుంది.

స్కాన్‌పని: నాకు నాలుక గారి అర్థమే పనికొస్తుంది. బ్రెయిన్‌వెబ్ అనే కృత్రిమ మెదడు ఎంఆర్ఐ నమూనాలో ఏ వోక్సెల్ (స్కాన్‌లోని త్రిమితీయ చుక్క) ఏ కణజాలమో ముందే తెలుసు, నాయిస్ (బొమ్మలోని అడ్డదిడ్డపు మచ్చలు) 0 నుంచి 9 శాతం దాకా మనమే ఎంచుకోవచ్చు. కాబట్టి ప్రోగ్రాము ఎక్కడ తప్పిందో లెక్క తేలుతుంది. నిజం మనిషి స్కాన్‌కి అలాంటి జవాబు పత్రం ఉండదు. చిక్కల్లా సొంతంగా నాయిస్ కలిపేటప్పుడు. ఎంఆర్ఐ మాగ్నిట్యూడ్ బొమ్మలో, అంటే సిగ్నల్ పరిమాణాన్నే చూపే మామూలు బొమ్మలో, ఉండేది రైసియన్ అనే రకం నాయిస్. తేలికని గాసియన్ (సున్నాకి అటూ ఇటూ సమానంగా పరుచుకునే రకం) కలిపేస్తారు. సిగ్నల్ బలంగా ఉన్నచోట రెండూ దాదాపు ఒకటే. తల బయటి నల్లటి భాగంలో అంకెలు తీసి చూడండి: గాసియన్‌లో రుణసంఖ్యలు కనిపిస్తాయి, మాగ్నిట్యూడ్‌లో అవి రానే రావు.

నాలుక: చూశారా, కంటికి అందలేదు, అంకెలు తీస్తేనే తెలిసింది!

అరసున్న: అయితే మీ కృత్రిమ స్కాన్ ఉప్పా, కప్పురమా? తర్వాతి పాదంలో "పుణ్యపురుషులు వేర"న్నాడు. తూకం కప్పురం వైపే ఉంది. పరీక్షకు పనికొచ్చేదాన్ని ఉప్పు చేస్తారా?

స్కాన్‌పని: అది ఆలోచించలేదండీ. ఉప్పు లేనిదే పని జరగదు కదా.

యతిమైత్రి: వేమనని వదిలి పోతన దగ్గరికి రండి. గడ్డ ఉందో లేదో తేలని స్కాన్‌కి "కలఁడో లేఁడో"ని మించిన శీర్షిక దొరకదు. గజేంద్రుడి సందేహం మొత్తం ఆ "ఓ"లోనే ఉంది.

అరసున్న: దానికి ముందుది "కలండనెడివాఁడు" అంటారా, "కలండనువాఁడు" అంటారా? ముందు అది తేల్చండి.

యతిమైత్రి: "అనెడి." కందం గణాలు వేసుకోండి.