బీజాపూర్ జిల్లా జనాభా అంత నెమ్మదిగా ఎందుకు పెరిగింది?

ప్రశ్న:
2001, 2011 జనగణనల మధ్య ఛత్తీస్‌గఢ్ జనాభా 22 శాతానికి పైగా పెరగగా, మన తెలంగాణలోని చర్ల, వెంకటాపురం అడవులను ఆనుకొని ఉన్న బీజాపూర్ జిల్లాలో పెరుగుదల 9 శాతం లోపే నమోదయింది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైన తరువాత జరిగిన మరణాలే ఇందుకు కారణమా, లేక జననాలు తగ్గాయా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
మరణాలు ఎంత బాధాకరమైనవైనా, ఈ తేడాను అవి మాత్రమే వివరించలేవు. 2011లో ఆ జిల్లా జనాభా సుమారు 2.55 లక్షలు. రాష్ట్ర సగటు ప్రకారం పెరిగి ఉంటే మరో 30 వేల మందికి పైగా ఉండేవారు. ప్రధాన కారణం వలస అని నా అభిప్రాయం. ఊళ్లు వదిలి జిల్లాలోనే రోడ్ల పక్కన శిబిరాల్లో చేరినవారు ఆ జిల్లా లెక్కలోనే ఉంటారు. అడవి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చి, మనం గుత్తికోయలని పిలిచే కుటుంబాలు మాత్రం ఆ లెక్కలోంచి తప్పిపోతాయి. పైగా 2011 గణన జరిగిన ఫిబ్రవరి 9-28 తేదీలు మన వైపు మిరప కోతల కాలం. కోతల కూలికి ఇక్కడికి వచ్చి ఆ రోజులన్నీ ఇంటికి దూరంగా ఉన్నవారిని సొంత ఊరిలో లెక్కించరు.

రెండవ జవాబు:
హింస వల్ల జనాభా పెరుగుదల తగ్గడం శ్రీలంక ఉత్తర రాష్ట్రంలో ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. 1981లో అక్కడ సుమారు 11.1 లక్షల మంది ఉండగా, ప్రభుత్వానికీ, తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈకీ మధ్య యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 2012లో, 10.6 లక్షల మందే మిగిలారు. అదే కాలంలో దేశ జనాభా 1.48 కోట్ల నుంచి 2.03 కోట్లకు చేరింది. యుద్ధంలో వేలాది మంది మరణించారు, లక్షలాది తమిళులు విదేశాలకు వెళ్లిపోయారు, 1990లో ఎల్‌టీటీఈ ముస్లింలను ఉత్తరం నుంచి వెళ్లగొట్టింది. 2001లో అక్కడ గణన పూర్తిగా జరపడమే సాధ్యం కాలేదు.

మూడవ జవాబు:
మొదటి జవాబు ఇచ్చినవారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మిరప కోతలకు రావడం 2005కు ముందు నుంచీ ఉన్నదే కాబట్టి, వలస మొత్తాన్నీ హింస ఖాతాలో వేయలేము. తేడా ఏమిటంటే, కోతల తరువాత ఆ కూలీలు తిరిగి వెళ్లేవారు, హింసకు భయపడి వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఈ కుటుంబాలకు తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. అక్కడి లెక్కలో లేనివారికి ఇక్కడ హక్కులూ లేకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. 2027 గణనలో వీరి గూడేలన్నింటికీ ఎన్యూమరేటర్లు వెళ్లేలా మన వైపు అధికారులు ఇప్పటి నుంచే జాబితాలు సిద్ధం చేయాలి.