అన్నీ గుర్తుంటాయి, గ్రూపులో మాత్రం నోరు మెదపదు: ఏం పని ఇవ్వాలి?

సైన్స్_టీచర్: ఎనిమిదో తరగతి పాప. నెల కిందటి పాఠం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. గ్రూప్ ప్రాజెక్టులో అయితే బెల్లం కొట్టిన రాయి. నోరు తెరిస్తే "ఆ రోజు నువ్వలా అనలేదు" అని పక్కవాళ్ల తప్పులు పట్టడానికే. ఎవరైనా దారి చెప్పండి.

వెనక_బెంచీ: "వీడికన్నీ గుర్తుంటాయి" అని కాలేజీలో నాలుగేళ్లూ నోట్సు పని నా నెత్తిన రుద్దారు. స్టేజీ ఎక్కింది ఇంకొకడు. ఆ పాపను గుమాస్తాను చేయకండి, దండం పెడతా.

మెమరీ_గురు: 12 ఏళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నా. బుర్రలో పట్టేవి 7 విషయాలే. మిల్లర్ అనే సైకాలజిస్టు 1956లోనే తేల్చేశాడు. ముందు మెమరీ ప్యాలెస్ నేర్పండి, అంటే తెలిసిన ఇంట్లో ఒక్కో చోట ఒక్కో విషయం పెట్టినట్టు ఊహించుకుని గుర్తుపెట్టుకోవడం.

పుస్తకాల_పురుగు: పాత లెక్క గురూ! కోవన్ అనే ఇంకో సైకాలజిస్టు 2001లో దాన్ని నాలుగు దగ్గరికి దించాడు. అయినా అది అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునేదాని సంగతి. నెల కిందటి పాఠానికీ దానికీ ఏం సంబంధం?

మెమరీ_గురు: మీరు ఎంతమంది పిల్లలకు నేర్పారో చెప్పండి ముందు.

పుస్తకాల_పురుగు: మీరు మిల్లర్ పేపర్ లోపలిదాకా చదివారో లేదో చెప్పండి ముందు.

తాళాల_తంటా: నాకు తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండి చావదు. దానికేమైనా ఉందా గురూగారూ?

చాక్‌పీస్: కొట్టుకోవడం అయిందా? పిల్లల్ని ఒకేసారి మాట్లాడనివ్వకండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి ఆలోచన తెగిపోతుంది. విడివిడిగా రాసి కలిపితే వచ్చేదానికన్నా, కలిసి గుర్తుచేసుకుంటే తక్కువ వస్తుందని వెల్డన్, బెలింజర్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. ముందు ఐదు నిమిషాలు ఎవరి కాగితం వాళ్లది. గుర్తున్న పిల్ల చివర చదవాలి.

ఇంకోటి, "గుర్తుందా?" అని అడక్కండి. మా క్లాసులో సర్క్యూట్ చేస్తుంటే బల్బు వెలగలేదు. ఇలాంటి పిల్లాడినే "పోయినసారి ఎందుకు ఆగింది?" అన్నాను. "వైరు చివర తొడుగు సరిగ్గా ఒలవలేదు టీచర్" అన్నాడు. పక్కమ్మాయి గోటితో గీకింది, వెలిగింది. ఆ తర్వాత ఏది ఆగినా వాడి దగ్గరికే పరుగు.

వెనక_బెంచీ: బాగానే ఉంది గానీ ఒక్కోసారి మేమూ తప్పుతాం. రిపోర్టు 14న ఇవ్వాలని నేను ఢంకా బజాయించి చెప్పాను. గడువు 12. గ్రూపంతా మునిగాం. నోటీసు కూడా చూడమనండి.

సైన్స్_టీచర్: పాప చివర చదవడం రేపే పెడతాను. "నువ్వలా అనలేదు" మాత్రం ఎలా మాన్పించాలో ఎవరూ చెప్పలేదు.

మెమరీ_గురు: ఫీజు వివరాలు ఇన్‌బాక్స్‌లో పెట్టాను.

తాళాల_తంటా: నాకు రాలేదే?