అందరిదీ బ్లాక్ ఫార్మాటరే, అయినా సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలు మారిపోతోంది

గోదారి_పైథాన్:
మా టీమ్‌లో నలుగురం. పైథాన్ ప్రాజెక్టు ఒకటే, ఎడిటర్లు మాత్రం ఎవరివి వాళ్లవే. నాది వీఎస్ కోడ్, ఒకరిది పైచార్మ్, మా సీనియర్ గారు విమ్ వదలరు, కొత్తగా చేరిన అమ్మాయి ఈమ్యాక్స్. అందరం బ్లాక్ (పైథాన్ కోడ్‌ని ఒకే పద్ధతిలో సర్దే టూల్) పెట్టుకున్నాం, సేవ్ కొట్టగానే ఫార్మాట్ అయ్యేలా.

అయినా నేను సేవ్ చేసిన ఫైలు సీనియర్ గారు సేవ్ చేస్తే మళ్లీ మారుతుంది. ప్రోటోకాల్ క్లాసుల్లో మూడు చుక్కలు పెట్టి వదిలేసే ఫంక్షన్లు ఉంటాయి కదా, నా దగ్గర ఆ చుక్కలు డెఫ్ లైను పక్కనే ఉంటాయి, ఆయన దగ్గర కింది లైనుకు దిగుతాయి. లైను పొడవు 100 అనుకుని ఎవరి ఎడిటర్‌లో వాళ్లం పెట్టుకున్నాం. కొన్ని లైన్లు మాత్రం బ్లాక్ డిఫాల్ట్ పొడవైన 88 దగ్గరే విరుగుతున్నాయి. వాటిలో కొన్ని నేను సేవ్ చేస్తే కలుస్తాయి, కొన్ని కలవవు. రెండు లైన్ల ఫిక్స్‌కి రివ్యూలో ఫైలంతా ఎరుపూ ఆకుపచ్చా. అందరం ఒకే ఎడిటర్‌కి మారదామని మేనేజర్ అంటున్నారు. సీనియర్ గారికి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

చిన్నబ్రాకెట్:
పైచార్మ్ ఆయన కంట్రోల్ ఆల్ట్ ఎల్ కొడుతున్నారేమో చూడండి. సెట్టింగ్స్‌లో టూల్స్ కింద బ్లాక్ ఆన్ చేయకపోతే అది పైచార్మ్ సొంత ఫార్మాటర్‌ని నడుపుతుంది, దాని మార్జిన్ 120. బ్లాక్ సపోర్టు 2023.2 నుంచి లోపలే ఉంది, పాత వెర్షన్ అయితే ఆ మెనూ కనిపించదు.

పాతకాపు_విమ్:
ఎడిటర్ మార్చనక్కర్లేదు, మేనేజర్ గారిని కాస్త ఆగమనండి. మీ దగ్గర బ్లాక్ ఒకటి లేదు, నాలుగున్నాయి.

ఆ మూడు చుక్కలే పట్టిచ్చాయి. వాటిని డెఫ్ పక్కకు చేర్చడం 2024 జనవరిలో వచ్చిన 24.1.0 నుంచి మొదలైంది. అంతకుముందు కింది లైనులోనే ఉండేవి. అంటే మీది 24 లేదా ఆ తర్వాతది, ఆయనది 23 లేదా అంతకన్నా పాతది. బ్లాక్ తన స్టైల్‌ని ఏడాదికోసారి, జనవరి రిలీజులోనే మారుస్తుంది. కాబట్టి ఏడాది తేడా ఉన్నా గొడవే.

ఇన్ని వెర్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ తనతో పాటు ఒక బ్లాక్‌ని మోసుకొస్తుంది. మీ వెన్వ్‌లో (ప్రాజెక్టుకని విడిగా ఉంచే పైథాన్ ప్యాకేజీల ఫోల్డర్) ఏముందో అది పట్టించుకోదు. ఇంపోర్ట్ స్ట్రాటజీ సెట్టింగ్‌ని ‘ఫ్రమ్ ఎన్విరాన్‌మెంట్’కి మార్చాలి. బ్లాక్ వాళ్ల విమ్ ప్లగిన్ ఇంకా గడుసుది, హోమ్ ఫోల్డర్‌లో తనకంటూ వేరే వెన్వ్ కట్టుకుని, చెప్పేదాకా అప్‌గ్రేడ్ కాదు. ఆయన్ని :బ్లాక్‌వెర్షన్ కొట్టి చూడమనండి, టెన్షన్ పడకుండా వినయంగా అడగండి. నేనైతే ఆ ప్లగిన్ తీసేసి ఏఎల్ఈ అనే వేరే విమ్ ప్లగిన్‌తో ప్రాజెక్టు వెన్వ్‌లోని బ్లాక్‌నే పిలిపిస్తాను. ఈమ్యాక్స్ మామూలుగా పాత్‌లో (సిస్టమ్ ప్రోగ్రాముల్ని వెతికే ఫోల్డర్ల జాబితా) ముందు దొరికిందాన్ని పిలుస్తుంది.

ఇక 100 సంగతి. దాన్ని ఎవరి ఎడిటర్‌లోనూ ఉంచకండి, రెపోలోని (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ అనే సెట్టింగ్స్ ఫైలులో రాయండి. ఎడిటర్‌లో ఆర్గ్యుమెంటుగా ఇచ్చింది ఉంటే ఫైలులో రాసిందాన్ని అది తొక్కేస్తుంది, అందుకే అవన్నీ చెరిపేయమనండి. కొన్ని లైన్లు కలవకపోవడానికి కారణం చివరి కామా. 88 దగ్గర విరిగినప్పుడు ఒక్కో ఆర్గ్యుమెంటూ ఒక్కో లైనుకు వెళ్తే బ్లాక్ చివర కామా పెడుతుంది. ఆ కామా ఉందంటే ‘ఇది విడిగానే ఉండాలి’ అని రాసినవాళ్లు కోరుకున్నట్టు లెక్క, 100 పట్టే చోటు ఉన్నా కలపదు. కామా చెరిపి సేవ్ చేస్తే కలుస్తుంది.

అదే టామ్ల్‌లో రిక్వైర్డ్-వెర్షన్ కూడా రాయండి. వేరే వెర్షన్‌తో నడిపితే బ్లాక్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్రీ-కమిట్ (కమిట్‌కి ముందు చెక్‌లు నడిపే టూల్) వాడుతుంటే అందులో ఉన్నది ఐదో బ్లాక్, దాని రెవ్ నంబరూ ఇదే వెర్షన్‌కి కట్టేయండి. సీఐలో (కోడ్ పంపగానే సర్వర్‌లో వాటంతటవే నడిచే చెక్‌లు) బ్లాక్‌ని చెక్ మోడ్‌లో నడిపితే చాలు, అది ఫైళ్లు మార్చదు, తేడా ఉంటే ఫెయిల్ చేస్తుంది.

లైను_కాపలా:
ఒకటి కలుపుతాను. వెర్షన్ కుదిరాక మొత్తం రెపోని ఒకేసారి ఫార్మాట్ చేసి విడి కమిట్‌గా వేయండి, అందులో వేరే మార్పు ఒక్కటీ కలపొద్దు. ఆ కమిట్ హ్యాష్‌ని డాట్ గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైలులో రాయండి. లేకపోతే రేపు ఏ లైను ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ చూస్తే అన్ని లైన్లూ ఫార్మాట్ చేసినవాళ్ల పేరు మీదే కనిపిస్తాయి. గిట్‌హబ్ ఆ పేరున్న ఫైలుని తనంతట తానే చూసుకుంటుంది. మీ మెషీన్‌లో మాత్రం బ్లేమ్ డాట్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ అని గిట్ కాన్ఫిగ్‌లో పెట్టుకోవాలి, గిట్ 2.23 లేదా ఆపై ఉండాలి. ఓపెన్ పీఆర్‌లు (ఇంకా రివ్యూలో ఉన్న మార్పులు) మెర్జ్ అయ్యాకే ఈ పని చేయండి, లేకపోతే కాన్‌ఫ్లిక్ట్‌లతో చచ్చిపోతారు.

గోదారి_పైథాన్:
పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే ఉంది. విమ్‌లో 22.12, నా ఎక్స్‌టెన్షన్‌లో 24. ఈమ్యాక్స్‌లో లైను పొడవు అసలు పెట్టనే లేదు, 88 అక్కడి నుంచే వస్తోంది. టామ్ల్, వీఎస్ కోడ్ సెట్టింగ్స్ రెండూ రెపోలో వేశాం. ఏఎల్ఈ పెట్టుకోవడానికి సీనియర్ గారు ఒప్పుకున్నారు, సేవ్ చేయగానే ఫార్మాట్ కావడం మాత్రం వద్దన్నారు, కీ నొక్కితేనే అవ్వాలట. సీఐ చెక్ ఉంది కాబట్టి సరేనన్నాం. మా మైగ్రేషన్ ఫైళ్లని (డేటాబేస్ మార్పుల స్క్రిప్టులు) బ్లాక్ ముట్టుకోకుండా ఉంచాలంటే ఎక్స్‌క్లూడ్‌లో రాయాలా, ఎక్స్‌టెండ్-ఎక్స్‌క్లూడ్‌లోనా?

పాతకాపు_విమ్:
ఎక్స్‌టెండ్-ఎక్స్‌క్లూడ్. ఎక్స్‌క్లూడ్‌లో రాస్తే బ్లాక్ మామూలుగా వదిలేసే ఫోల్డర్ల జాబితా పోయి మీరు రాసిందే మిగులుతుంది. కానీ ప్రీ-కమిట్ ఫైలు పేర్లు నేరుగా ఇస్తుంది, అప్పుడు ఈ రెండూ పనిచేయవు. దానికి ఫోర్స్-ఎక్స్‌క్లూడ్ కావాలి.