కొత్త 55 ఇంచుల టీవీలో సినిమా సీరియల్‌లా కనిపిస్తోంది, పైనా కిందా నల్ల పట్టీలు, ఏం చేయాలి?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పోయిన నెల నాన్నగారి కోసం 55 ఇంచుల 4కె టీవీ కొన్నాం. అంతకుముందు 32 ఇంచుల మామూలు టీవీ ఉండేది, పదేళ్ల పైనే వాడాం. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాన్న "ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయిరా, పెద్ద టీవీ ఉంటే పాత సినిమాలన్నీ మళ్ళీ చూడాలనుంది" అన్నారు. ఆ మాట విన్నాక ఆగలేక నాలుగు షాపులు తిరిగి కొన్నాను. తీరా ఇంటికి తెచ్చాక ఆయనకి నచ్చట్లేదు, పైకి అనరు గానీ అరగంట చూసి లేచి వెళ్ళిపోతున్నారు.

ఓటీటీలో కొత్త సినిమా పెడితే అసలు సినిమాలా లేదు. మనుషులు మరీ నున్నగా జారుతున్నట్టు కదులుతారు, డైలీ సీరియల్‌లా ఉంటుంది, వేసిన సెట్టు సెట్టులాగే తెలిసిపోతోంది. పైగా పైనా కిందా నల్ల పట్టీలు. ఇంత డబ్బు పోసి కొన్న తెరలో పావు వంతు నల్లగా ఉండటమేంటని అమ్మ అడుగుతోంది. బిగించడానికి వచ్చిన అబ్బాయికి చెబితే రిమోట్‌లో జూమ్ నొక్కి తెర నిండా చేసిచ్చాడు, కానీ అలా పెడితే సబ్‌టైటిల్స్ సగం తెగిపోతున్నాయి, అంచున నిలబడ్డ మనిషి భుజం వరకే కనపడుతున్నాడు.

డీటీహెచ్‌లో పాత సినిమాలైతే ఇంకా ఘోరం. అందరూ లావుగా, పొట్టిగా ఉంటారు, దానికి తోడు మసక. "ఎన్టీఆర్ ముఖం ఇంత వెడల్పుగా ఉండదురా" అన్నారు నాన్న, నాకు చాలా బాధేసింది. తీసుకున్నది హెచ్‌డీ బాక్సే, నెలనెలా హెచ్‌డీ ప్యాక్ డబ్బులు కూడా కడుతున్నాం. ఇవి కాక డైలాగులు సరిగ్గా వినపడవు, పాటలు మాత్రం మోగిపోతాయి. టీవీలోనే లోపం ఉందేమో, మార్చమని అడగాలా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్_ఖమ్మం:

అన్నా, టీవీ మార్చొద్దు, సెట్టింగులు మార్చండి. మా అమ్మావాళ్ళది ఖమ్మం, పోయిన ఏడాది వాళ్ళ టీవీలోనూ ఇదే గొడవ. ఇక్కణ్ణుంచి వీడియో కాల్‌లో అమ్మ చేత రిమోట్ పట్టించి గంటసేపు కూర్చుని సరిచేశాను.

సీరియల్‌లా కనిపించడానికి కారణం ఒక్కటే. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములతో. టీవీ ఏం చేస్తుందంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్యలో లేని బొమ్మల్ని తనే తయారుచేసి ఇరికిస్తుంది, కదలిక నున్నగా ఉంటుందని. క్రికెట్‌కి అది బాగానే పనికొస్తుంది, సినిమాకి మాత్రం ప్రాణం తీసేస్తుంది. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనో పిక్చర్ క్లారిటీ అనో ఉంటుంది. మీ టీవీ ఏదైనా పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అనే మాట ఎక్కడుందో వెతికి ఆఫ్ చేయండి.

తర్వాత పిక్చర్ మోడ్ చూడండి. చాలాసార్లు వివిడ్‌లోనో స్టాండర్డ్‌లోనో పెట్టి వెళ్ళిపోతారు. వివిడ్ షాపు లైట్ల కింద మెరవడానికే గానీ ఇంటికి కాదు. సినిమా మోడ్ పెట్టండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఇంకా మంచిది. 2019లో టీవీ కంపెనీలు, దర్శకులు కలిసి ప్రకటించిన మోడ్ అది, ఒక్క నొక్కుతో ఈ మోషన్ వ్యవహారం కూడా ఆగిపోతుంది. మొదటి రోజు రంగు పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది, వెంటనే మార్చేయకండి, రెండు మూడు రోజుల్లో కళ్ళు అలవాటుపడతాయి. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి. ఎక్కువ పెడితే పాత సినిమాల్లో ముఖాల చుట్టూ తెల్లటి గీత కనపడుతుంది.

స్కోప్‌లెన్స్:

బాబూ, ఆ నల్ల పట్టీల గురించి నేను చెబుతాను. తెనాలి దగ్గర ఒక సినిమా హాల్లో పాతికేళ్ళు ఆపరేటర్‌గా చేశాను, కార్బన్ కడ్డీలు వెలిగించిన రోజుల నుంచి చూశాను, కాబట్టి నా మాట నమ్మి ఆ జూమ్ తీసేయండి.

1974లో అల్లూరి సీతారామరాజు వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా అదే, అంటే బాగా వెడల్పు బొమ్మ ఉండే సినిమా, మేం స్కోప్ అనేవాళ్ళం. దానికి ముందు మన సినిమాలన్నీ ఇంచుమించు చదరంగా ఉండే బొమ్మలే, ఎత్తు ఒకటైతే వెడల్పు ఒకటీ ముప్పాతిక కూడా ఉండదు, 1.37 అంతే. స్కోప్‌లో అది 2.35కి పెరిగింది. రీలు మాత్రం అదే 35 ఎంఎం రీలు. తీసేటప్పుడే కెమెరాకి వేరే లెన్సు పెట్టి బొమ్మని అడ్డంగా సగానికి నొక్కేస్తారు, మేం ప్రొజెక్టర్‌కి స్కోప్ లెన్సు తగిలిస్తే మళ్ళీ విచ్చుకుని తెర నిండా పరుచుకుంటుంది. లెన్సు తగిలించడం మర్చిపోతే తెరమీద అందరూ రివటల్లా సన్నగా, పొడుగ్గా కనపడేవాళ్ళు, కింద బెంచీల్లోంచి ఈలలే ఈలలు. అదే మామూలు సినిమాకి స్కోప్ లెన్సు తీయకుండా వదిలేస్తే అందరూ లావైపోయేవాళ్ళు. మీ నాన్నగారు ఎన్టీఆర్ ముఖం గురించి అన్నది అక్షరాలా అదే. పాత చదరపు బొమ్మని మీ బాక్సో టీవీయో పట్టుకుని పక్కలకి లాగుతోంది, మనిషి ఉన్నదానికంటే మూడో వంతు లావవుతున్నాడు. మీ నాన్నగారు ఆ సినిమాలు హాల్లో చూసి ఉంటారు, ఆయన కంటికి ఇట్టే తెలిసిపోయింది.

ఇంకో సంగతి. హాల్లో స్కోప్ సినిమా వేసినప్పుడు పక్క తెరలు ఇటూ అటూ జరిపేవాళ్ళం, అంటే ఎత్తు అలాగే ఉండి బొమ్మ వెడల్పు పెరిగేది. జనం ఒక్కసారి ఆఁ అనేవాళ్ళు. గోడకి బిగించిన టీవీ పక్కలకి పెరగదు కదా, అది 16:9 దగ్గర, అంటే వెడల్పు 16 అయితే ఎత్తు 9 దగ్గర ఆగిపోయింది, పాత చదరానికీ స్కోప్‌కీ మధ్యస్తంగా ఉండే కొలత అది. అందుకని వెడల్పంతా వాడుకుని ఎత్తు తగ్గించుకుంటుంది. మీ 55 ఇంచుల తెర 48 ఇంచుల వెడల్పు, 27 ఇంచుల ఎత్తు ఉంటుంది. స్కోప్ బొమ్మకి అందులో ఇరవై ఇంచుల పైచిలుకు ఎత్తు చాలు, మిగతాది పైనా కిందా మూడేసి ఇంచుల పైన నల్లగా ఉంటుంది. అమ్మగారు పావు వంతు నల్లగా ఉందన్నారు, లెక్క సరిగ్గానే చెప్పారు, కానీ జూమ్ నొక్కితే పోయేది కూడా పావు వంతే, అది నల్లది కాదు, బొమ్మ. కెమెరామన్ ఆ మూలన నిలబెట్టిన మనిషి, ఆ చివర కనిపించే చెట్టు, అన్నీ పోతాయి. ఒక ఫ్రేము కోసం వాళ్ళు ఎండలో ఎంతసేపు నిలబడతారో నాకు తెలుసు, దాన్ని కత్తిరించి చూడటం నాకు మనసు ఒప్పదు.

టీవీలో యాస్పెక్ట్ రేషియో, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుల కొలత, ఒరిజినల్‌లో పెట్టండి, జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటే ఆన్ చేయండి. పాత సినిమా వచ్చినప్పుడు 4:3 పెట్టండి, అప్పుడు నల్ల పట్టీలు ఎడమా కుడీ వస్తాయి.

వైర్లపెట్టె:

ఆపరేటర్ గారు చెప్పాక బొమ్మ ఆకారం గురించి ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. మసక గురించి మాత్రం నాకొక అనుమానం ఉంది. బాక్సుకీ టీవీకీ మధ్య ఏ వైరు ఉందో ఒకసారి వెనక చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత వైరు అయితే ఎంత హెచ్‌డీ బాక్సైనా, ఎంత డబ్బు కట్టినా దాంట్లో హెచ్‌డీ రాదు. నేను చూసిన ఇళ్ళలో చాలా చోట్ల ఇదే కథ, పాత టీవీ వైరు తీసి కొత్త టీవీకి గుచ్చేస్తారు. హెచ్‌డీఎంఐ వైరు పెట్టి బాక్సు సెట్టింగుల్లో 1080 ఎంచుకోండి, అది బొమ్మలో పై నుంచి కిందికి ఉండే చుక్కల వరసల లెక్క. మామూలు ఛానెల్ బొమ్మలో ఉండేది మహా అయితే 720 ఇంటూ 576, అంటే సుమారు 4 లక్షల చుక్కలు. మీ తెరలో ఉన్నవి దాదాపు 83 లక్షలు. ఒక్క చుక్కని ఇరవై చుక్కలుగా సాగదీస్తే మసక రాక ఏమొస్తుంది? కాబట్టి ఆ ఛానెల్‌కే హెచ్‌డీ నంబరు ఉంటే అదే పెట్టుకోండి.

ఓటీటీలో ప్లాన్ కూడా చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో బేసిక్ ప్లాన్ 720 దగ్గరే ఆగిపోతుంది, 4కె కావాలంటే ప్రీమియమే. 4కెకి నెట్ వేగం 15 ఎంబీపీఎస్ అయినా కావాలంటారు వాళ్ళు, ప్లాన్‌లో అంత ఉన్నా రౌటర్ ముందు గదిలో, టీవీయేమో వెనకున్న హాల్లో ఉంటే గోడలు దాటేసరికి సగం పోతుంది. వీలైతే రౌటర్ నుంచి టీవీకి నేరుగా ల్యాన్ వైరు లాగించండి.

డైలాగులు వినపడకపోవడం మీ టీవీ తప్పు కాదు. 5.1 సౌండులో, అంటే ఐదు స్పీకర్లకీ ఒక బేస్ స్పీకరుకీ విడివిడిగా పంపే సౌండులో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకి వెళ్తాయి, టీవీకి ఉన్నవి రెండే, అవీ కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఆ రెండింట్లో అన్నీ కలిపేసరికి మాట మునిగిపోతుంది. యాప్‌లో ఆడియో దగ్గర స్టీరియో ట్రాక్, అంటే రెండు స్పీకర్ల కోసం చేసింది, ఉంటే అది ఎంచుకోండి, టీవీలో క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే ఆన్ చేయండి. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు సౌండ్‌బార్ కొనండి, ముందే కొనకండి.

గోదారి_గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్. వెనక చూస్తే ఉన్నది పసుపు వైరే! హెచ్‌డీఎంఐ పెట్టగానే ఛానెల్ పేరు అక్షరాలే వేరేగా కనపడ్డాయి. మోషన్ ఆఫ్ చేశాను, జూమ్ తీసేశాను, క్లియర్ వాయిస్ పెడితే మాటలు చాలా వరకు తేటపడ్డాయి.

ఆపరేటర్ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. పక్క తెరలు జరిపే మాట దగ్గర ఆపి, రాజమండ్రిలో తను చూసిన హాళ్ళ గురించి అరగంట చెప్పారు, అవి నేను ఎప్పుడూ వినలేదు. నిన్న రాత్రి 4:3లో మాయాబజార్ పెట్టాం, 1957 నాటి నలుపు తెలుపుదే, రంగులు వేసింది వద్దన్నారు. ఇటూ అటూ నల్లగా ఉన్నా అమ్మ కూడా ఏమీ అనలేదు. నాన్న మధ్యలో లేవలేదు.

ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం పూట కొత్త సినిమాల్లో రాత్రి సీన్లు అసలు కనపడట్లేదు. టీవీకి ఎదురుగా కిటికీ ఉంది. బ్రైట్‌నెస్ పెంచాలా?

స్కోప్‌లెన్స్:

బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, పెంచకండి. ముందు ఆ కిటికీకి మందపాటి ముదురు రంగు తెర వేయించండి, సినిమా హాల్లో తలుపులు మూసేది అందుకే కదా. రాత్రిపూట మరీ చీకట్లో చూస్తే నాన్నగారి కళ్ళు అలసిపోతాయి, టీవీ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచండి. కుర్చీ ఎంత దూరంలో వేశారు? తొమ్మిది పది అడుగులైతే కొంచెం ముందుకి, ఏడడుగుల దాకా జరపండి.