పల్లె పిల్లల వేసవి శిబిరంలో ఏం నేర్పిద్దాం?

మాది పద్మనాభం మండలం. ఈ వేసవిలో మా ఊరి పిల్లలు ఇరవై రెండు మందికి ఉదయం పూట శిబిరం పెడుతున్నాను. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లు. కిందటేడు రోజూ పాఠాలే చెప్పాను, మూడో రోజుకే సగం మంది మామిడి తోటల్లోకి వెళ్లిపోయారు. తప్పు నాదే. ఈసారి చేతులతో చేసే పనులు కావాలి. సలహా ఇవ్వండి.

భీమిలి నుంచి: ఒక రోజు తొట్లకొండ తీసుకెళ్లండమ్మా, పాత బౌద్ధ ఆరామం శిథిలాలున్న కొండ. పొద్దున్నే కొండ మీద ఉండాలి, ఎండెక్కితే రాయి కాలిపోతుంది. స్తూపం, విహారాల గదులు, నీటి తొట్లు కొలిచి పటం గీయమనండి. మా అబ్బాయికి స్కేలు లెక్క అక్కడే అర్థమైంది. అదే దారిలో విశాఖ బీచ్ రోడ్డుకు వస్తే కురుసుర జలాంతర్గామి, ఇప్పుడది మ్యూజియం. 1969లో నౌకాదళంలో చేరింది, 2001 దాకా పనిచేసింది. లోపల నడుస్తూ చూడొచ్చు. సోమవారం మాత్రం వద్దు, సెలవు.

ఏటికొప్పాక దగ్గర నుంచి: మా వైపు అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు అంటుకుంటుంది. పసుపు లాంటి సహజ రంగులే. పిల్లలు గంటసేపు కదలరండీ! ముందే అడిగి వెళ్లండి.

అడిగినామె: ధన్యవాదాలండీ. తొట్లకొండతోనే మొదలుపెడతాను. టేపులు మా ఊరి మేస్త్రీ ఇస్తానన్నారు. ఆడపిల్లల అమ్మానాన్నలతో ఈ సాయంత్రమే మాట్లాడతాను.