పొగుడుతూనే పరువు తీయడం: దీనికి మన మాట ఏది?

అడిగిన సభ్యుడు:
అందరికీ నమస్కారం. ఒక మాట కోసం రెండు రోజులుగా కొట్టుకుంటున్నాను. మొన్న రాత్రి స్టార్‌షిప్ ట్రూపర్స్ మళ్ళీ చూశాను. 1997లో పాల్ వెర్హోవెన్ తీసిన సినిమా. చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ చెబుతాను. భవిష్యత్తులో భూమి మొత్తానికి ఒకే ప్రభుత్వం ఉంటుంది. దాని సేవలో, ముఖ్యంగా సైన్యంలో, పనిచేసి వచ్చినవాళ్ళకే పౌరసత్వం, ఓటు. ఎక్కడో వేరే గ్రహాల మీద మనిషిని మించిన సైజు పురుగులు. నవనవలాడే కుర్రాళ్ళూ అమ్మాయిలూ తుపాకులు పట్టుకుని వాటి మీదకి వెళ్తారు. అవి వీళ్ళని ముక్కలు చేస్తాయి, వీళ్ళు వాటిని పచ్చడి చేస్తారు.

డైలాగులన్నీ ఊకదంపుడు. హీరో మొహంలో భావం కోసం టార్చ్ వేసి వెతకాలి. అయినా రెండు గంటల పైచిలుకు కదలకుండా చూశాను. ఒకచోట ఈల కూడా వేశాను. ఇక్కడే నా ఇబ్బంది. ఇది యుద్ధాన్ని ఎండగట్టే సినిమా. కానీ అందులో ప్రధాన పాత్రలెవరూ యుద్ధం తప్పు అనరు. మొదటి నుంచి చివరి దాకా ఆహా ఓహో అని పొగడ్తే. ఆ పొగడ్త వింటూ వింటూ మనకే కడుపులో తిప్పుతుంది.

మిత్రులకి పరిచయం రాస్తూ ‘యుద్ధం మీద వ్యంగ్య చిత్రం’ అని పెట్టాను. చప్పగా ఉంది. ఏ మాట సరిపోతుంది? పనిలో పని, ఇలా అతిగా ఉన్నా నచ్చేదాన్ని ఇంగ్లీషులో ‘చీజీ’ అంటారు కదా, దాన్ని తెలుగులో ఏమంటారు?

సరదా సభ్యుడు:
చీజీ అంటే ‘జున్నుగా ఉంది’ అనండి అన్నా. పని అయిపోతుంది.

సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు:
ముందు ఒక ప్రమాదం గమనించండి. తెలుగులో ‘వ్యంగ్య చిత్రం’ అంటే కార్టూన్. పత్రికలవాళ్ళు ఎప్పుడో ఆ మాటని తీసేసుకున్నారు. మీ మిత్రులు ఇది బొమ్మల సినిమా అనుకుని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, మొదటి యుద్ధం సీన్‌కే మిమ్మల్ని తిట్టుకుంటారు.

చీజీకి ఒక్క మాట లేదు, వెతకడం కూడా దండగే. ‘చౌకబారు’ అంటే తిట్టు అయిపోతుంది, ఇష్టం కనిపించదు. నేనైతే ‘తెలిసి చేసిన అతి’ అని రాస్తాను. మాటల్లో అయితే ‘ఓవరే గానీ భలే ఉంది’ అంటాం కదా, అంతకంటే మంచి అనువాదం నాకు తట్టలేదు.

రిటైరైన తెలుగు మాస్టారు:
వ్యంగ్యం అనే మాటకి మొదట ఎగతాళితో సంబంధం లేదండీ. మాటకి మూడు రకాల అర్థాలు చెప్పారు మన వాళ్ళు: నేరుగా చెప్పేది వాచ్యం, నేరు అర్థం కుదరనప్పుడు తీసుకునేది లక్ష్యం, మూడోది వ్యంగ్యం. పైకి చెప్పకుండా స్ఫురించేది ఏదైనా వ్యంగ్యమే, అది ప్రేమ కావచ్చు, దుఃఖం కావచ్చు. ఈ కాలంలో అది అరిగి అరిగి వెటకారానికి పర్యాయపదంగా మిగిలింది. అందుకే మీకు చప్పగా తగిలింది. వెటకారం కూడా ఇక్కడ కుదరదు. వెటకారానికి గొంతులో విరుపు కావాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఈ సినిమా మొహం బిగించుకుని, ఎక్కడా కన్ను కొట్టకుండా పొగుడుతోంది.

దానికి అలంకారశాస్త్రంలో కచ్చితమైన పేరుంది: వ్యాజస్తుతి. నిందలా కనిపిస్తూ స్తుతించడం, స్తుతిలా కనిపిస్తూ నిందించడం, రెండూ అదే. 16వ శతాబ్దపు అప్పయ్య దీక్షితులు కువలయానందంలో రెండింటికీ ఉదాహరణలిచ్చారు. మొదటిది గంగతో అనే మాట: నీకు బుద్ధుందా, పాపాత్ముల్ని పట్టుకెళ్ళి స్వర్గంలో పెడుతున్నావు! ఇది పైకి తిట్టు, లోపల మెప్పు. రెండోది మీకు కావలసింది. ఒక నాయిక ప్రియుణ్ణి తీసుకురమ్మని చెలికత్తెని పంపుతుంది. అది వెళ్ళి తానే అతనితో గడిపి వస్తుంది. తిరిగొచ్చాక నాయిక అంటుంది, ‘సాధు దూతి పునః సాధు’, శభాషే, మళ్ళీ శభాష్, నా కోసం పాపం పళ్ళ గాట్లూ గోళ్ళ గాట్లూ పడ్డావు, ఇంతకంటే ఎవరేం చేస్తారు!

అడిగిన సభ్యుడు:
మాస్టారూ, దెబ్బ కొట్టారు. కానీ ఈ మాట టైప్ చేస్తే ఫోన్ మూడుసార్లు ‘వ్యాజ్యస్తుతి’ అని మార్చింది. కోర్టులో దావా వేసి పొగిడినట్టుంది. అసలు ‘వ్యాజం’ అంటే ఏమిటి? ఎప్పుడూ విన్నట్టు లేదు.

మాస్టారు:
విన్నారు, గమనించలేదు. ‘నిర్వ్యాజమైన ప్రేమ’ అంటాం కదా. వ్యాజం లేనిది నిర్వ్యాజం. వ్యాజం అంటే నెపం, మిష, సాకు. లోపల ఒకటి పెట్టుకుని పైకి చూపించే ఇంకొకటి. తమాషా ఏమిటంటే లేనిదాన్ని చెప్పే మాటని ఉంచుకుని, ఉన్నదాన్ని చెప్పే మాటని వదిలేశాం. వ్యాజ్యం వేరు, దానికి యవత్తు ఉంటుంది, వకీలూ ఉంటాడు.

ఈ పేరులో ఇంకో చమత్కారం. వ్యాజంతో చేసే స్తుతి అని సమాసాన్ని విడదీస్తే మెప్పు నిజం, తిట్టు సాకు. వ్యాజమైన స్తుతి అని విడదీస్తే మెప్పే దొంగది. ఒకే మాట రెండు వైపులా తెరుచుకునే తలుపులాంటిది.

ఇంకో సభ్యుడు:
దీన్నే నిందాస్తుతి అంటారు కదండీ? రామదాసు ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అన్నట్టు?

మాస్టారు:
చాలామంది ఆ ఉదాహరణే చెబుతారు, నాకు ఒప్పుదల లేదు. అది నిజమైన తిట్టు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటున్న మనిషి కడుపుమంట. అదే కీర్తనలో ఆ తర్వాత, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని బతిమాలుకుంటాడు కూడా. వ్యాజస్తుతి చేసినవాడు క్షమాపణ చెప్పడు, చెబితే సాకు బయటపడిపోతుంది.

అసలైన నిందాస్తుతి కావాలంటే కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం తెరవండి. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఉన్న ఆంధ్రవిష్ణువుని పట్టుకుని, నీ పేరంతా పెళ్ళాలూ పిల్లలూ తెచ్చిపెట్టిందే అంటాడు. భూదేవి భార్య కాబట్టి నువ్వు అందరి భారం మోసేవాడివయ్యావు, లక్ష్మి భార్య కాబట్టి కోరినవి ఇచ్చేవాడివయ్యావు, గంగ కూతురు కాబట్టి పతితపావనుడివయ్యావు, ‘మొదటి నుండియు నీవు దామోదరుడవె’, అంటే పొట్టకి తాడు కట్టించుకున్నవాడివేనని. ఇది పైకి ఆట పట్టింపు, లోపల గుండెల నిండా భక్తి. మన తెలుగులో ఈ మొదటి రకం బాగా పండింది. మనవాడు అడుగుతున్నది రెండో రకం, పైకి హారతి, లోపల వాత.

సరదా సభ్యుడు:
ఇంత సంస్కృతం ఎందుకు సార్? మునగచెట్టు ఎక్కించడం అని మనకో మాట ఉంది. పొగిడి పైకెక్కిస్తారు, మునగకొమ్మ పెళుసు, ఫట్‌మని విరుగుతుంది.

సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు:
మీరు సరదాకి అన్నారు గానీ సగం సరిగ్గా తగిలింది. మునగచెట్టు ఎక్కేవాడికి తాను పడబోతున్నానని తెలియదు. సినిమాలో ఆ కుర్రాళ్ళ పని అదే. వార్తల బులెటిన్లు వాళ్ళని ఎక్కిస్తూ ఉంటాయి. చిన్న పిల్లలు బొద్దింకల్ని బూట్లతో తొక్కుతూ ‘నా వంతు నేను చేస్తున్నా’ అన్నట్టు మురిసిపోతే, పక్కనున్న ఆవిడ చప్పట్లు కొట్టి పగలబడి నవ్వుతుంది. ప్రతి వార్త చివరా ‘ఇంకా వివరాలు కావాలా?’ అని అడుగుతుంది తెర.

నాకు మాస్టారు చెప్పిన చెలికత్తె ఉదాహరణే వదలడం లేదు. అందులో నాయిక మాటల్లో ఒక్క తప్పుమాట లేదు. మోసం ఎక్కడ బయటపడింది? చెలికత్తె ఒంటి మీద. గాట్లు లేకపోతే ‘శభాష్’ అన్నది శభాషే. సినిమాలోనూ సరిగ్గా ఇంతే. హీరో సైన్యంలో చేరడానికి వెళ్తాడు. బల్ల వెనకాల కూర్చున్న ఉద్యోగి ఇనప చేత్తో కాగితం మీద ముద్ర వేసి, ఈ సైన్యమే నన్ను ఇవాళ ఇలా నిలబెట్టిందని గర్వంగా చెబుతాడు. తర్వాత అతను బల్ల వెనక నుంచి జరిగితే చూస్తాం, అతనికి కాళ్ళు లేవు. మాటలు స్తుతి, ఒళ్ళు సాక్ష్యం. టీచర్‌కి ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆయన క్లాసులో నూరిపోసేదేమో, బలప్రయోగమే అన్ని అధికారాలకీ మూలమని.

మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు ఆ శ్లోకం పాఠం చెప్పాను. గాట్ల గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఉదాహరణని ఉదాహరణగానే చూశాను.

ఇంకో సభ్యుడు:
నాకో అనుమానం ఉండిపోయింది. అడిగిన ఆయన ఈల వేశానన్నారు. ఆ ఈల నిజమే కదా? సినిమా మనల్ని నిజంగానే ఆనందింపజేస్తే, ఇక స్తుతి దొంగదని ఎలా అంటాం? రెండో విషయం, విడుదలైనప్పుడు ఇది ఫాసిస్టు సినిమా అని తిట్టిన సమీక్షకులున్నారు. వాళ్ళకి వ్యాజం అందలేదు. అందని అలంకారం అలంకారమేనా?

సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు:
రెండోది ముందు చెబుతాను. ఈ కథకి మూలం రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన నవల. అందులో సైనికుడి త్యాగం మీద గౌరవం మనస్ఫూర్తిగా రాసిందే. వెర్హోవెన్ ఆ నవలని చివరిదాకా చదవలేకపోయానని తానే చెప్పాడు. ఆయన చిన్నతనం నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో గడిచింది. అందుకే సినిమాలో ప్రచార వార్తలు అంత అచ్చంగా ఉంటాయి, గూఢచారి శాఖ కుర్రాడు చివరికి నల్లటి పొడుగాటి తోలు కోటులో దిగుతాడు, ఆ కోటు ఎవరిదో యూరప్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అంటే నవలలో నిర్వ్యాజ స్తుతి, సినిమాలో వ్యాజస్తుతి. మాటలు దాదాపు అవే. కోటు మారింది.

ఈల సంగతి మాస్టారే చెప్పాలి.

మాస్టారు:
ఈల నిజమే కావాలి. స్తుతి రుచిగా లేకపోతే అది ఉత్త నింద అయిపోతుంది, మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. నాయిక ‘శభాష్’ అన్నప్పుడు చెలికత్తె ఒక్క క్షణం సంతోషించి ఉండాలి. ఆ క్షణం లేకపోతే శ్లోకమే లేదు. మన ఈల ఆ క్షణం. అయితే అందరికీ అందాలన్న నియమం లేదు. సహృదయుడు, అంటే కవి మనసు అందుకోగల రసికుడు, అనే మాట అందుకే పెట్టారు. అందనివాళ్ళ మీద నాకు కోపం లేదు, ఎందుకంటే పొగడ్త అంత బాగా కుదిరిందన్నమాట.

అడిగిన సభ్యుడు:
మాస్టారూ, వ్యాజం అంటే నెపం అన్నారు కదా, ఒక సీన్ గుర్తొచ్చింది. విలేకరి ఒకడు, పురుగుల ఇలాకాలోకి మనుషులు చొరబడటం వల్లే అవి రెచ్చిపోయాయని కొందరంటున్నారు అని మొదలుపెడతాడు. హీరో మధ్యలోనే అందుకుని, మాది బ్యూనోస్ ఐరీస్, అన్నిటినీ చంపేయాలంటాను అని అరుస్తాడు. అతని ఊరు అప్పటికే నాశనమైంది, కోపం నిజం. అసలు ప్రశ్న మాత్రం మళ్ళీ ఎవరూ అడగరు. నేను ఈల వేసింది అక్కడే. యుద్ధానికి వ్యాజం, సినిమాకి వ్యాజం. ఒకే మాట రెండు పనులు చేసింది.

నా పరిచయ వాక్యం ఇలా మార్చాను: ‘తెలిసి చేసిన అతితో, యుద్ధాన్ని తెగ పొగిడి పరువు తీసే వ్యాజస్తుతి.’

మాస్టారు:
‘పొగిడి పరువు తీసే’ అన్నాక ‘వ్యాజస్తుతి’ అంటే అర్థం రెండుసార్లు వచ్చింది. కానీ ఇవాళ్టి పాఠకుడికి ఆ మాట కొత్త కాబట్టి ఉండనివ్వండి. పక్కనే అర్థం ఉంటే మాట మళ్ళీ వాడుకలోకి వస్తుంది.

సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు:
ఆ కాళ్ళు లేని ఉద్యోగి మాటని పొద్దుటి నుంచి తెలుగు చేయడానికి తంటాలు పడుతున్నాను. ‘నేనీ స్థితిలో ఉన్నానంటే సైన్యమే కారణం’ అంటే ముందే ఫిర్యాదులా వినిపిస్తోంది. ‘మగాణ్ణి చేసింది’ అంటే వేరే దారి పడుతుంది. చివరికి ఇది దొరికింది: ‘నన్ను ఇంతవాణ్ణి చేసింది సైన్యమే బాబూ.’

సరదా సభ్యుడు:
‘ఇంతవాణ్ణి’! అక్కా, ఆ మాట అంటూ చెయ్యి ఎంత ఎత్తులో పెట్టి చూపిస్తాడు?

సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు:
చూపించడు. బల్ల వెనక నుంచి జరుగుతాడు, అంతే.