జీతం వచ్చేవాళ్లు పెండ్లి ఫొటోలకు పోవచ్చా, పోకూడదా?

కడప లెక్చరర్:
ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తా. జీతం సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. కెమెరా ముందునుంచీ ఉంది, ఆదివారాలు, సెలవుల్లో బారసాలలు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటా. ఇప్పుడు పెండ్లిళ్లకూ అడుగుతున్నారు. మా వీధిలో స్టూడియో నడిపే పెద్దాయన మొహం మీదే అనేసినాడు: "మీకు నెలనెలా జీతం వస్తాది, మళ్లా నా పొట్ట మీద కొట్టేదెందుకు సార్?" సెలవు రోజు నేనేం చేసుకుంటే ఎవరికేం అని నా వాదన. స్టూడియోలోళ్లు, ఉద్యోగాలోళ్లు అందరూ చెప్పండి, మొహమాటం వద్దు.

ప్రొద్దుటూరు స్టూడియో:
ఆ పెద్దాయన అన్నదాంట్లో తప్పేముంది? షాపు బాడుగ, కరెంటు బిల్లు, ఇద్దరు పిల్లోళ్ల జీతం, పెండ్లి ఉన్నా లేకున్నా కట్టాల్సిందే. ఆషాఢం ఖాళీ, పుష్యం ఖాళీ. గురు మూఢమో శుక్ర మూఢమో పడితే ఇంకా ఖాళీ. మాఘంలో, వైశాఖంలో వచ్చే ఆ కాసిని మంచి ముహూర్తాల్లోనే ఏడాది గ్రాసం సంపాదించుకోవాల. మీరు సరిగ్గా ఆ రోజులకే దిగుతారు. మూఢంలో మీకేం బాధ, ఒకటో తారీఖు జీతం పడతాది. నేను 60 వేలు చెప్పిన పెండ్లికి మీరు 25 వేలు అన్నారంటే, పెండ్లికూతురి నాయన నన్ను దొంగను చూసినట్టు చూస్తాడు. ఆల్బమ్ షీట్లు ల్యాబోళ్లు మీకేమన్నా ఊరికే వేసిస్తారా?

అనంతపురం సాఫ్ట్‌వేర్:
అన్నా, మూఢం కథ సగమే చెప్పినావు. మీ పక్కన, కడపలో, కర్నూలులో నిఖాలు, వలీమాలు లేవా? రంజాన్, మొహర్రం నెలలు పక్కన పెడితే వాటికి ఆషాఢంతో ఏం పని? చర్చి పెండ్లిళ్లకూ మూఢం లేదు కదా.

ఇంకో మాట. పెద్ద ముహూర్తం రోజు ఒక్కో స్టూడియో మూడు నాలుగు పెండ్లిళ్లు ఒప్పుకుంటాది. ఆ రాత్రి కెమెరా పట్టే చేతులు యాడినుంచి వస్తాయి? మాలాంటోళ్లవే. 3 వేలో 4 వేలో చేతిలో పెట్టి, మెమరీ కార్డులు తీసుకొని తెల్లారేసరికి పంపిస్తారు. మీ కింద చేస్తే బంగారం లాంటి పిల్లోడు, సొంతంగా ఒప్పుకుంటే పొట్ట కొట్టేటోడు. బాగుంది న్యాయం.

ప్రొద్దుటూరు స్టూడియో:
నిఖాల మాట కాదనను, నా సంసారం మూఢంలో నడిచేది వాటి మీదే. కానీ నా కింద పనిచేసిన రోజు కార్డు పాడైతే పార్టీకి జవాబు చెప్పేది నేను. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ మళ్లీ పెట్టించి తీయలేం కదా. అందుకే రెండు కార్డు స్లాట్ల కెమెరా బాడీ, రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డింగు, స్పేర్ ఫ్లాష్, ఇంకో కెమెరా పెట్టుకుంటా. ఆ 60 వేలల్లో ఇదంతా ఉంది. మీ 25 వేలల్లో ఏముందో చెప్పండి.

కర్నూలు పెండ్లికూతురి తల్లి:
మీలో మీరు కొట్లాడుకుంటా ఉండారు, డబ్బులిచ్చేది మేము. మా పెద్దపాప పెండ్లికి తెలిసినాయన తీసినాడు, ఉద్యోగం చేసుకుంటూ ఫొటోలు తీసే మనిషే. ఫొటోలు బాగొచ్చినాయి, అబద్ధం చెప్తే కళ్లు పోతాయి. పెండ్లయిన మర్నాడు ఆయన డ్యూటీకి పోయినాడు. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరి ఇచ్చినాక ఎప్పుడు ఫోన్ చేసినా "ఈ వారం ఆఫీసులో పనక్కా" అనేదే. వియ్యపురాలు అడిగినప్పుడల్లా ఏం చెప్పాల్నో తెలీక సచ్చినా. స్టూడియో అయితే పోయి కుర్చీ వేసుకొని కూర్చుంటాం. ఈయన ఆఫీసుకు పోయి కూర్చోలేం కదా.

అనంతపురం సాఫ్ట్‌వేర్:
స్టూడియోలోళ్లు లేటు చేయరా అక్కా?

కర్నూలు పెండ్లికూతురి తల్లి:
చేస్తారు. కానీ తాళం వేసుకొని పోరు.

కర్నూలు ఫొటో అక్క:
పొద్దున్నుంచీ మగోళ్ల పెండ్లిళ్ల లెక్కే నడుస్తాంది. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తూ ఫొటోలు తీస్తా. సీమంతాలు, పసిబిడ్డలు, నలుగు, మెహందీ, ఇవే నా పని. చాలా నిఖాల్లో ఆడోళ్ల వైపు హాల్లోకి మగ కెమెరామన్‌ను రానీరు. అక్కడికి పంపడానికి మనిషి లేక స్టూడియోలోళ్లే నాకు ఫోన్ చేస్తారు. పైగా వాళ్ల రేటు కంటే కొంచెం ఎక్కువే తీసుకుంటా. ఇప్పుడు చెప్పండి, నేనెవరి పొట్ట కొట్టినట్టు?

పార్ట్‌టైమ్‌ను తిట్టడం దండగ. తక్కువ రేటు వేరే జబ్బు. లెక్చరర్ గారూ, ఆ 25 వేలల్లోంచి ఆల్బమ్, ఇంకో కెమెరా మనిషి కూలీ, పెట్రోలు, హార్డ్ డిస్కు తీసేయండి. మిగిలినదాన్ని ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న రాత్రుళ్ల మీద పంచండి. షట్టర్ అరుగుదల కూడా వేయండి, కెమెరా అదేమీ అమృతం తాగి పుట్టలేదు. ట్యూషన్ చెప్పుకుంటే ఇంతకంటే ఎక్కువ వస్తాది, నేను రెండూ చేస్తున్నా కాబట్టి చెప్తున్నా.

రిటైర్డ్ సూపరింటెండెంట్, అనంతపురం:
ప్రభుత్వ ఉద్యోగులు ఎవరన్నా చదువుతుంటే వినండి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు, 1964 ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం గానీ, ఇంకో ఉద్యోగం గానీ కూడదు. ఎప్పుడో ఒకసారి సరదాగా ఫొటోలు తీయడం వేరు, విజిటింగ్ కార్డు కొట్టించి అడ్వాన్సులు తీసుకోవడం వేరు. "మా ఆయమ్మ పేరు మీద పెట్టినా సార్" అని చాలామంది అంటారు. ఫిర్యాదు వచ్చిన రోజు, పెండ్లి మంటపంలో కెమెరాతో నిలబడింది ఎవరని అడుగుతారు. ప్రైవేటోళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ చదువుకోండి. ఈ డబ్బు ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాల్సిందే, నగదుగా తీసుకున్నా సరే.

అనంతపురం సాఫ్ట్‌వేర్:
కొందరు పెండ్లిళ్లెందుకు, స్టాక్ సైట్లలో, అంటే ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్లలో పెట్టుకో అంటారు. అడోబ్ స్టాక్ ఫొటో అమ్మిన ధరలో 33 శాతం ఇస్తాది, షట్టర్‌స్టాక్ అమ్మకాల మెట్టును బట్టి 15 నుంచి 40 శాతం. వినడానికి బాగుంటాది. ఒక్కో డౌన్‌లోడ్‌కు చాలాసార్లు వచ్చేది డాలర్లు కాదు, సెంట్లే. మనిషి మొహం గుర్తుపట్టేట్టు ఉంటే మోడల్ రిలీజ్, అంటే నా ఫొటో వాడుకోవచ్చు అని ఆ మనిషి ఒప్పుకునే ఫారం మీద సంతకం కావాలంటారు. కర్నూలు ఉల్లిగడ్డల మార్కెట్‌లో మూట మోసే హమాలీని ఆపి ఇంగ్లీషు ఫారం మీద సంతకం అడిగి చూడండి, ఏమంటాడో.

కడప లెక్చరర్:
అందరికీ థ్యాంక్స్. రెండు అనుమానాలు. గండికోటలో ప్రీవెడ్డింగ్‌కు డ్రోన్ కావాలని ఒక జంట అడుగుతోంది. తీసిన ఫొటోలు నా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చు కదా?

ప్రొద్దుటూరు స్టూడియో:
డ్రోన్ జోలికి పోవద్దు సార్. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాములు దాటి 2 కిలోల లోపుండే డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు సరదాకు ఎగరేసేవాళ్లకే. డబ్బులు తీసుకుంటే సర్టిఫికెట్ కావాల. పైగా అది పురావస్తు శాఖ కోట, వాళ్ల అనుమతి వేరు. పెన్నా లోయ అంచు నుంచి మామూలు కెమెరాతో తీసినా అదిరిపోతాది.

కర్నూలు ఫొటో అక్క:
ఇన్‌స్టా సంగతి నేను చెప్తా, చాలామందికి తెలీదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లది, వేరే ఒప్పందం రాసుకోకపోతే. అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఒక కాగితం మీద "నా పనికి నమూనాగా పెట్టుకోవచ్చు" అని రాయించుకోండి. ఆడపిల్లల ఫొటోలైతే చట్టం మాట అటుంచి, ఇంట్లో ఒకసారి అడగాల.

కడప లెక్చరర్:
సరే. ఈ మాఘానికి పెండ్లిళ్లు సొంతంగా ఒప్పుకోను. స్టూడియోల కింద సెకండ్ కెమెరాగా పోతా. రెండు స్లాట్ల బాడీ కొన్నాక చూస్తా. బారసాలలు, ఓణీలు మాత్రం వదలను, ఇప్పటిదాకా 5 వేలు తీసుకున్నా, ఇకమీద 8 వేలు.

ప్రొద్దుటూరు స్టూడియో:
ఓణీల ఫంక్షన్ తీసినోడికే రేపు ఆ ఇంట్లో పెండ్లి పోతాది. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఊర్లో 12 వేలకు తక్కువ ఎవరూ తీయరు. 8 వేలంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

కడప లెక్చరర్:
12 వేలు చెప్తే మా వీధిలో ఎవరూ పిలవరన్నా.

ప్రొద్దుటూరు స్టూడియో:
మరి మీ వీధి పెద్దాయన్ను ఎవరు పిలుస్తారు?